డాక్టరు తీగకు సేఠు ముడి

టెలిఫోను తీగ తెగిందని ఏడవకండి! తెగిన తీగను చేతకానివాడెవడైనా తప్పుగా అతికిస్తే వాడికి పూలదండ వెయ్యండి!

ఇది వేళాకోళం కాదు. మంచినీళ్లు తాగి, స్థిమితంగా కూర్చుని చెబుతున్న మాట. నమ్మకం కుదరకపోతే హనుమకొండలో డాక్టరు కృపానందం గారి ఇంట్లో ఏం జరిగిందో వినండి.

అవి యుద్ధం రోజులు. కృపానందం గారు మిషను దవాఖానలో పనిచేసి రిటైరయ్యారు. చౌరస్తా వెనక సందులో చిన్న పెంకుటిల్లు. నౌకరీలో ఉన్నప్పుడు దవాఖానవాళ్లు ఆ ఇంట్లో టెలిఫోను పెట్టించారు. రిటైరయ్యాక తిరిగి ఇచ్చేయవచ్చు. "ఉండనియ్యి సుశీలా, ఆపదల ఎవరికన్న అక్కరొస్తది" అని భార్యతో అని ఉంచుకున్నారు. దాంతో అద్దె ఆయన నెత్తిన పడింది. రోగులు ఆయనకు కోడిగుడ్లు ఇచ్చేవారు, జామపండ్లు ఇచ్చేవారు. టెలిఫోను దఫ్తరువాళ్లు మాత్రం కోడిగుడ్లు తీసుకోరు!

పోనీ, ఆపదలో ఉన్నవాళ్లెవరైనా ఫోను చేశారా? ఎందుకు చేయలేదు! వకీలు గారికి ఆవులింతలు ఎక్కువయ్యాయి. జాగీర్దారు గారికి కలలో పాము కనబడింది, దానికి మందు కావాలి. పత్తి జిన్నింగ్ మిల్లు మేనేజరు భార్యకు నిద్రలో గురక వస్తోందని మేనేజరుకు అనుమానం, రావడం లేదని ఆవిడ వాదన. డాక్టరుగారు అన్నంలో చారు పోసుకోవడం, ఫోను గణగణమనడం ఒకేసారి జరిగేవి. ఫీజు మాటంటారా? తీగలో గొంతు ప్రయాణం చేస్తుంది కానీ రూపాయి చేయదు కదా!

ఒకరోజు ఆయనకు విసుగొచ్చింది.

"ఇగ ఎవరు ఫోన్ చేసినా నేను ఇంట్ల లేనని చెప్పు. దవాఖానకు పొమ్మను."

"అబద్ధం చెప్పమంటారా?" అంది సుశీల. ఆవిడ ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి.

"అబద్ధమెట్లయితది? ఫోన్ మోగంగనే నేను పెరట్లకు పోత. అప్పుడు ఇంట్ల లేనట్లే గద!"

అప్పటినుంచి పెరట్లోని బంతిమొక్కలకు రోజంతా నీళ్లే నీళ్లు.

ఇంతలో క్రిస్మస్ వచ్చింది. సుశీల తమ్ముడు యోసేపు పెళ్లిళ్లకు పెట్రోమాక్స్ దీపాలు కిరాయికిచ్చే ఆసామి. అతనికి ఎత్తు మీద ప్రీతి. ఊళ్లో అన్నిటికంటె ఎత్తయిన చుక్క అక్క ఇంటి మీదే ఉండాలని పొడుగాటి వెదురుబొంగుకు రంగుకాగితాల చుక్క కట్టి పెంకుల మీద నిలబెట్టాడు. గాలి ఒక్కసారి విసిరింది. బొంగు వెళ్లి పక్కనున్న స్తంభం తీగల మీద పడింది.

"ఏమైంది యోసేపూ?" అని కిందనుంచి డాక్టరుగారు కేక వేశారు.

"ఏం గాలే బావా! చుక్క మంచిగనే ఉన్నది!" అని పైనుంచి యోసేపు ధైర్యం చెప్పాడు.

చుక్క మంచిగానే ఉంది. డాక్టరుగారి తీగలు రెండూ, అదే స్తంభం మీదుగా వెనక సందులోని నాగభూషణం సేఠు ఇంటికి పోయే తీగలు రెండూ మాత్రం తెగి నేల మీద పడి ఉన్నాయి. సేఠు అంటే పల్లి, పసుపు, మిర్చి హోల్‌సేల్ వ్యాపారం. ఆయన ఫోను గంటసేపు మోగకపోతే మండీలో పుకార్లు పుడతాయి.

దఫ్తరుకు పరుగెత్తితే అక్కడి పెద్దమనిషి పాన్ నములుతూ తేల్చి చెప్పాడు: "తెంపింది మీరు. తీగ మీరే తేవాలె. తెస్తే మావోళ్లు కడ్తరు, తేకుంటే జంగ్ ఖతమయ్యేదాంక ఆగాలె." రాగి తీగంతా యుద్ధానికి పోతోంది. దొరికిన చోట ధర వింటే ఆ నెల బియ్యమూ, బొగ్గులూ, పండుగ బట్టలూ అన్నీ ఆ తీగ చుట్టే చుట్టుకునేలా ఉన్నాయి. డాక్టరుగారు ఉత్తచేతులతో ఇల్లు చేరారు.

"ఫికర్ చెయ్యకు బావా" అన్నాడు యోసేపు. పెట్రోమాక్సులు వేలాడదీసే తీగముక్కలు సంచీనిండా తెచ్చి స్తంభమెక్కాడు.

"ఏది మనది, ఏది సేఠుది, జర చూసి కట్టు!"

"తీగ తీగనే గద! కరెంటుకు కులముంటదా బావా?"

ఎంత ఉదాత్తమైన మాట! ఆ మాట మీదే నాలుగు కొసలూ నాలుగు కొసలకు ముడివేసి దిగాడు. ఫోను పనిచేసింది. కాకపోతే డాక్టరుగారికి రావలసిన పిలుపు సేఠు ఇంట్లో మోగింది, సేఠుకు రావలసింది డాక్టరుగారింట్లో మోగింది!

ఇక చూడండి వైభవం! మొదటిరోజే మండీ నుంచి దలాలి ఫోను చేశాడు. ఎందుకో ఆ పూట డాక్టరుగారే తీశారు. అవతలివాడు గోలలోంచి అరుస్తున్నాడు: "కేసముద్రం సరుకు దిగింది. ధర దినదినం దిగజారుతాంది. ఏం జేయమంటరు?" ఆ గోలలో సరుకూ ధరా అన్న మాటలు అందక, డాక్టరుగారికి రోగి ఎవరో దిగజారుతున్నట్టు వినబడింది. ముప్ఫయ్యేళ్ల అలవాటు కొద్దీ "తొందరపడకుండ్రి. రెండు దినాలు ఆగి చూడుండ్రి" అన్నారు. దలాలి ఆగాడు. రెండు రోజుల్లో పల్లి ధర ఎగిరి కూర్చుంది! మండీ అంతా సేఠు దూరదృష్టికి చేతులెత్తి మొక్కింది.

అక్కడ సేఠుకు వకీలుగారి ఆవులింతలు వచ్చాయి. గడప తొక్కినవాణ్ణి ఉత్తచేతులతో పంపడం సేఠు ఇంటావంటా లేదు. "శొంఠి కషాయం తాగుండ్రి. రాత్రి బువ్వ మానుండ్రి" అన్నాడు. వకీలుగారికి హాయిగా నిద్రపట్టింది. జాగీర్దారుగారి పాముకూ శొంఠే, మేనేజరుగారింటి గురకకూ శొంఠే. సేఠు గొంతులో ఉన్న ధీమా మన డాక్టరుగారి గొంతులో ఏనాడూ లేదు. సేఠు భార్య కళావతమ్మ రోకలి పట్టుకుని "ఇంట్ల శొంఠి ఒడిసిపోతాంది, మీకేమన్న సమజైతాందా?" అని అడుగుతూనే ఉంది.

వారం తిరగకముందే చౌరస్తాలో వకీలుగారు డాక్టరుగారి చెయ్యి పట్టుకుని ఊపేశారు. "మీ శొంఠి కషాయం బ్రహ్మాండమండీ!" డాక్టరుగారు ఒక్క క్షణంలో అంతా గ్రహించారు. గ్రహించి, నమస్కారం పెట్టి, ఇంటికి వచ్చి వేడి అన్నం తిని పడుకున్నారు. సరిచేయాలంటే రాగి కావాలి. రాగికి డబ్బు కావాలి. పైగా ఇంత ప్రశాంతత ఎన్నడైనా ఎరుగుదురా! సేఠుకూ విషయం తెలుసు. పల్లి ధర ఎగిరిన రోజునే తెలిసింది. ఆయనా నోరు మెదపలేదు. ఇరువురు పెద్దమనుషులకూ లాభసాటిగా ఉన్న తప్పును దిద్దే మూర్ఖుడెవరు?

అప్పుడు, ఒక మధ్యాహ్నం, సేఠు ఇంట్లో ఫోను మోగింది.

ఈసారి వకీలు కాదు. ఊరి అవతల కాశిబుగ్గలో ఉండే నేతగాడు పోశయ్య. పక్కనున్న జిన్నింగ్ మిల్లుకు పరుగెత్తి గుమాస్తా కాళ్లమీద పడితే, మేనేజరు లేడుగదా అని ఆ గుమాస్తా ఫోను అతని చేతికిచ్చాడు. జన్మలో అదే మొదటిసారి. అరుస్తున్నాడు.

"డాక్టర్ దొరా, నీ కాల్మొక్త బాంచెన్! బిడ్డకు గొంతు వాచింది. నీళ్లు సుత దిగుతలేవు. ఊపిరాడుత లేదు దొరా!"

సేఠు నోరు తెరిచాడు. శొంఠి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"వస్తాన. డాక్టర్‌ను తీస్కొని వస్తాన!" అని ఫోను పెట్టి మళ్లీ ఎత్తాడు. "డాక్టర్ కృపానందం ఇంటికి కలుపు, జల్ది!"

ఎక్స్చేంజిలో ఆపరేటరు ముందు వెలిగింది డాక్టరుగారి నంబరే. పాపం, నవ్వాడు. "డాక్టర్ సాబ్, మీ ఇంట్లకెల్లే మాట్లాడుతాండ్రు. మిమ్ములను మీకే ఎట్ల కలపాలె?"

"నేను డాక్టర్‌ను గాదయ్యా! నాగభూషణాన్ని!"

"నాగభూషణం సేఠుకు కలపాల్నా?"

"నేనే సేఠునైతే మల్ల సేఠుకెందుకు!"

అక్కడ "ఊ" అని ఉంటే, తీగలు మారాయి కనుక, డాక్టరుగారి ఫోనే మోగేది. అంత తర్కం ఆ నిమిషానికి ఎవరికి తడుతుంది? ఫోను విసిరికొట్టి, ఒక కాలికి చెప్పుతో, మరోకాలికి లేకుండా, ధోవతి కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని సేఠు సందులో పరుగెత్తాడు. బజారంతా నిలబడి చూసింది. దివాలా తీశాడనుకుంది.

డాక్టరుగారు పెరట్లో బంతిమొక్కల దగ్గరున్నారు. సగం మాట వినేసరికే బ్యాగు అందుకున్నారు. టాంగా ఎక్కి ఇద్దరూ కాశిబుగ్గ చేరేసరికి పోశయ్య గుడిసె ముందు జనం మూగి ఉన్నారు. మగ్గం పక్కన చాప మీద అయిదేళ్ల పిల్ల, కళ్లు తేలేసి, మెడ వెనక్కి వాల్చి, ఈలలాంటి చప్పుడుతో గాలి లాగుతోంది.

గొంతు లోపల పెద్ద చీముగడ్డ. "తల గట్టిగ పట్టుకోండి" అన్నారు డాక్టరుగారు. సేఠు కళ్లు మూసుకుని పట్టుకున్నాడు. కత్తి మొన తగిలింది. చీము బయటికొచ్చింది. పిల్ల ఉక్కిరిబిక్కిరై, దగ్గి, ఊసి, నిండుగా ఊపిరి పీల్చి, ఆ ఊపులో సేఠు పొట్టలో ఒక్క తన్ను తన్నింది. అంత సంతోషంగా తన్ను తిన్న వర్తకుడు మండీ చరిత్రలో లేడు.

తిరుగు టాంగాలో సేఠు అడిగాడు.

"ఫోన్లు మారినయని మీకెరుకనా డాక్టర్ సాబ్?"

"ఎరుకే. మీకు?"

"నాకూ ఎరుకే."

డాక్టరుగారు చిన్నగా అన్నారు: "సేఠుగారూ, తీగ సరిగ్గ ఉంటే ఆ ఫోన్ మా ఇంట్లనే మోగేది. దవాఖానకు పొమ్మని సుశీల చెప్పేది. నేను పెరట్ల ఉండేటోన్ని."

చూశారా? తప్పుగా ముడిపడిన తీగ వల్లే కదా పిల్ల బతికింది! మొదట్లోనే చెప్పాను, మీరు నమ్మలేదు.

కానీ ఆ ఇద్దరూ ఛాదస్తులు. మర్నాడే సేఠు ఎక్కడినుంచో రాగి తీగ తెప్పించాడు. డాక్టరుగారు తన వాటా ఇస్తానని పట్టుపడితే, "మీరు ఆగుమన్నందుకు పల్లీల మీద మిగిలింది గద. గా పైసలతోటే తెప్పించిన. ఇగ మీదేముంది, నాదేముంది?" అన్నాడు. దఫ్తరువాళ్లు సేఠు పేరు వినగానే సాయంత్రంలోగా వచ్చి కట్టారు. సుశీలకు కొత్త ఆజ్ఞ: ఎవరు చేసినా, ఏ వేళైనా, ఆయన పెరట్లో ఉంటే పెరట్లోంచి పిలవాలి.

డాక్టరుగారు ఫోను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వకీలుగారు చేశారు. జాగీర్దారుగారు చేశారు. కాశిబుగ్గ నుంచి ఒక్కటీ రాలేదు. ఆగలేక ఆయనే పిల్లను చూడబోయారు. పిల్ల వీధిలో గంతులేస్తోంది.

"మల్ల ఫోన్ చెయ్యకపోతివి పోశయ్యా? ఎట్లున్నదో చెప్పొద్దా?"

పోశయ్య తలవంచుకున్నాడు. "ఏడికెల్లి చెయ్యాలె దొరా! నా చేతికిచ్చిండని గుమాస్తాను మేనేజర్ తిట్టరాని తిట్లు తిట్టిండు. ఫోన్‌కు పెట్టె చేయించి తాళమేసిండ్రు. తాళంచెవి ఆయన జేబులనే ఉంటది."

డాక్టరుగారూ సేఠూ కలిసి మేనేజరు దగ్గరికి వెళ్లారు. ఆయన కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించి, ఆ పెట్టెను సగర్వంగా చూపించాడు. మంచి టేకు చెక్క. "చూడుండ్రి డాక్టర్ సాబ్! అందరి చేతులు పడితే కరాబైతదని చేయించిన. ఇగ దీనికి డోకా లేదు!"

నిజమే, డోకా లేదు. ఇప్పుడు ఊళ్లో తీగలన్నీ బాగున్నాయి. ముడులన్నీ సక్రమం. ఎవరికి రావలసిన పిలుపు వాళ్లకే వస్తోంది. ఒకరి పిలుపు ఇంకొకరింట మోగదు. ఉన్నవాళ్లు ఉన్నవాళ్లను పిలుచుకుంటున్నారు, ఉన్నవాళ్లు ఉన్నవాళ్లకు జవాబిస్తున్నారు.

తెగిన తీగంటే ఎవరో ఒకరు అతికిస్తారు. ఆ టేకుపెట్టెను బాగుచేసే మనిషి మాత్రం డాక్టరుగారికి ఇంకా దొరకలేదు. మీ ఎరుకలో ఎవరైనా ఉంటే ఆయనకు ఒక్క ఫోను చేసి చెప్పండి. అంటే, మీ దగ్గర ఫోను ఉంటేనే సుమండీ!