సీనప్ప నేర్పిన దోవ

ఆ ఆదివారానికి నందీశ్ వేసుకున్న పథకం చాలా సులువైనది. పొద్దున చిక్కబళ్ళాపురంలో కారెక్కడం, భోజనం వేళకు చింతామణి అవతల కోనపల్లిలో దిగడం, బయ్యప్ప గారి కూతురు మంజుశ్రీని చూడడం, నచ్చితే రాహుకాలం రాకముందే తాంబూలాలు పుచ్చుకోవడం. దారిలో ఎవరినీ ఏమీ అడగకపోవడం. ఈ చివరిదే అసలు సంగతి.

దారి అడగడం తల్లి పుట్టమ్మ పని. అడిగి ఊరుకునే మనిషి కాదామె. అంతకుముందు రెండు సంబంధాలు అలా దారిలోనే పోయాయి. మొదటిసారి ఆమె దారి అడిగిన ప్రతివాళ్లూ కాఫీ తాగిపొమ్మన్నారు, ఆమె ఎవరినీ నొప్పించలేదు. వీళ్లు చేరేసరికి పిల్ల తరపువాళ్లు భోంచేసి చాపలు పరుచుకుంటున్నారు. రెండోసారి ఊరి మొదట్లో కనిపించిన పెద్దమనిషిని దారి అడిగి, పనిలో పనిగా, "పిల్ల నాయనకు రవ్వంత తిక్క అంట గదప్పా, నిజమేనా?" అంది. ఆయనే పిల్ల నాయన.

జిల్లా కచేరిలో గుమాస్తా ఉద్యోగం, ఒక పాత మారుతి కారు, ముప్పై రెండేళ్ల వయసు ఉన్న నందీశ్‌కు ఇక మిగిలిన దారి శాటిలైటే అనిపించింది. స్నేహితుడు సీనప్పను వెంటబెట్టుకుని, దారి చెప్పే మిషన్ కొనడానికి బెంగళూరు వెళ్లాడు. సీనప్ప మండికల్ పాల సంఘంలో సెక్రెటరీ. అతనికీ పెళ్లి కాలేదు గానీ, ఆ సంగతి ఎవరికీ ఎప్పుడూ గుర్తుకు రాలేదు.

అంగడివాడు మూడు జీపీఎస్ మిషన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "దీంట్లో దేశంలోని పల్లెలన్నీ ఉన్నాయి సార్" అన్నాడు మొదటిది చూపిస్తూ. ధర విని నందీశ్ దాన్ని, ఎత్తుకోగానే ఏడ్చిన పరాయి బిడ్డను దించినట్టు మెల్లగా దించేశాడు. రెండోదాంట్లో తాలూకా ఊళ్ల వరకే ఉన్నాయి, ధర మాత్రం జిల్లా అంత ఉంది. మూడోదాని మీద దుమ్ము ఉంది.

"దీంట్లో బెంగళూరు ఒక్కటే సార్. కానీ ఒకసారి పోయిన దారిని ఇది మరిచిపోదు. మళ్లీ అదే దారిన పిలుచుకుని పోతుంది."

"ఒగసారి పోయిన దోవ మనకే తెలుసును కదరా" అన్నాడు సీనప్ప.

"నీకు టెక్నాలజీ తెలీదులే సీనా" అని నందీశ్ మూడోది కొన్నాడు.

వారం రోజులు అతనికి కాళ్లు నేల మీద నిలవలేదు. మిషన్‌ను కచేరికి తీసుకుపోయి, కిటికీ పక్కన పెట్టి, తాను కచేరిలోనే ఉన్నానని రోజూ నిర్ధారించుకున్నాడు. తోటి గుమాస్తాలు ఒక్కొక్కరే వచ్చి, తాము కూడా అక్కడే ఉన్నామని చూసుకుని సంతోషించారు. కోనపల్లికి పోవాలంటే ఆ మిషన్ ముందే ఒకసారి కోనపల్లికి పోయి ఉండాలన్న విషయం మాత్రం గురువారం సాయంత్రం తట్టింది.

సరిగ్గా అప్పుడే పుట్టమ్మ పంచాంగం చూపించుకుని వచ్చింది. "ఆదివారం బయలుదేరే దానికి మంచి ఘడియ లేదంటరా. శుక్రవారం పొద్దున ఉండాది. ప్రస్థానం పెడదాం."

మంచి ఘడియలో మనిషికి బయలుదేరడం కుదరకపోతే, ఆ మనిషి బట్ట ఒకటి, పసుపు పూసిన టెంకాయ, తాంబూలం మూటగట్టి ఆ ఘడియకు ఇల్లు దాటిస్తారు. మూట బయలుదేరితే మనిషి బయలుదేరినట్టే లెక్క. మామూలుగా దాన్ని పక్కింట్లో పెట్టి వస్తారు. నందీశ్‌కు ఒక ఆలోచన మెరిసింది.

"పక్కింట్లో ఎందుకమ్మా? సీనప్పతో కోనపల్లికే పంపిద్దాం. మిషన్ కూడా ఇచ్చి పంపితే దోవ నేర్చుకోనొస్తాది. ఒగే టికెట్టు."

శుక్రవారం పొద్దున సీనప్ప, నందీశ్ జరీ అంచు టవలుతో కట్టిన మూట ఒక చేత, మిషన్ ఒక చేత పట్టుకుని గడప దాటాడు. "పెద్దమనుషుల ఇంటికి పోతాండావు, గడ్డం గీకించుకోని పో నాయనా" అని పుట్టమ్మ గుమ్మంలోంచి చెప్పింది. సాయంత్రం అతను మిషన్‌ను తెచ్చిచ్చి, "అంతా దాంట్లో ఉండాది. మూట ఆడనే పెట్టుకున్నారు" అని నేల చూస్తూ వెళ్లిపోయాడు. నందీశ్ దాన్ని అలసట అనుకున్నాడు.

ఆదివారం మిషన్‌ను కారు అద్దం ముందు నిలబెట్టి పసుపు కుంకుమ పెట్టారు. అందులోని ఆడ గొంతు ఇంగ్లీషులో ఎడమకు తిరగమంది. "ఎవురమ్మా నువ్వు, ఏ ఊరు మీది?" అని పుట్టమ్మ ఆప్యాయంగా అడిగింది. జవాబు రాలేదు. "పొగరు" అంది పుట్టమ్మ.

గొంతు చెప్పినట్టే ఎడమకు తిరిగిన కారు నేరుగా బస్టాండులోకి పోయింది. ప్లాట్‌ఫారం వెంట నడిచి బాగేపల్లి బోర్డు కింద తిరిగింది. వెనక బస్సు హారను మీద చెయ్యి తీయలేదు. ఈలోగా వెనక తలుపు తెరుచుకుని ఒక ముసలమ్మ ఆకుల బుట్టతో సహా ఎక్కి కూర్చుంది.

"బాగేపల్లికే కదప్పా? జరుగు తల్లీ" అంది ఆమె పుట్టమ్మతో. పేరు లక్ష్మీదేవమ్మ. దింపడం మర్యాద కాదని పుట్టమ్మ జరిగింది.

"చింతామణి తూరుపు పక్క కదరా" అంది పుట్టమ్మ, కారు ఉత్తరానికి తిరుగుతుంటే.

"నువ్వు కింద నుంచి చూస్తాండావు. అది పైనుంచి చూస్తాండాది" అన్నాడు నందీశ్.

సీనప్పకు ఒక అలవాటుంది. ఏ బస్సులో కిటికీ సీటు ఖాళీగా కనిపిస్తే ఆ బస్సెక్కుతాడు. ఊరు ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అతని నమ్మకం. ఈ అలవాటు నందీశ్‌కు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ పొద్దు మాత్రం గుర్తుకు రాలేదు.

బాగేపల్లి చేరేలోపు వెనక సీటులో రెండు కుటుంబాల గోత్రాలు, జబ్బులు, భూముల తగాదాలు అయిపోయాయి. లక్ష్మీదేవమ్మ బుట్ట దించుకుని వెళ్లింది. మిషన్ కారును సందుల్లో తిప్పి ఒక క్షౌరశాల ముందుకు తెచ్చింది. మంగలి బయటకు వచ్చి మిషన్‌ను చూసి నవ్వాడు.

"మొన్న ఒగాయప్ప దీన్ని ఒళ్లో పెట్టుకోనే గీకించుకున్నాడు. పెద్దమనుషుల ఇంటికి పోవల్లంట. నున్నగా గీకించుకున్నాడు."

అక్కడి నుంచి మిషన్ ఒక రెడీమేడ్ బట్టల అంగడికి, పూల అంగడికి, వెనక సందులో మగవాళ్లు గోడకు తిరిగి నిలబడే చోటుకు తీసుకుపోయింది. ఆ చివరి చోట పుట్టమ్మ కిటికీ అద్దం ఎత్తుకుంది.

"ఒరే, ఆ గోడకాడ ఉండే ఆయప్పనైనా అడుగుతా, కోనపల్లి యాడని."

"ఇప్పుడు కాదమ్మా."

చేలూరు మీదుగా చింతామణికి పోయే బస్సు ఆగే ఊళ్లన్నిట్లో కారు కూడా ఆగి, కోనపల్లి చేరేసరికి నాలుగున్నర దాటి రాహుకాలం కూర్చుంది. బయ్యప్ప గారి ఇంటి ముందు మిషన్, గమ్యం చేరారని ఇంగ్లీషులో ప్రకటించింది. జీవితంలో మొదటిసారి ఎవరినీ అడగకుండా ఒక ఊరు చేరినందుకు నందీశ్ గుండె పొంగిపోయింది.

లోపల చాప మధ్యలో కొత్త చొక్కాతో సీనప్ప కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తాంబూలం. భుజాన నందీశ్ జరీ అంచు టవలు.

"నువ్వేం చేస్తాండావురా ఈడ?"

"మిమ్మల్ని పరిచయం చేద్దామని పొద్దున్నే వచ్చినా. చింతామణి బస్సులో కిటికీ సీటు ఉండె."

బయ్యప్ప నింపాదిగా చెప్పాడు. "శుక్రవారం మంచి ఘడియలో బయలుదేరి, పసుపు టెంకాయ పట్టుకోని పెండ్లి కాని మగోడు గడప తొక్కినాడు. పంచె మార్చి పంక్తిలో కూర్చోబెట్టినాం. పెండ్లికొడుకని మీ పేరే చెప్పినాడు, అబద్ధం ఎందుకు. ఈ దినం మీకోసరం చూసి చూసి, రాహుకాలం వస్తాండాదని, ఆకువక్కలు ఎండిపోతాండాయని, ఆయప్పకే తాంబూలం ఇచ్చేసినాం."

"అది నా ప్రస్థానం కదా."

"నీదే లేప్పా. నడిచొచ్చిన కాళ్లు ఆయప్పవి కదా."

తలుపు చాటు నుంచి మంజుశ్రీ గొంతు వినిపించింది. "దోవ తెలీకపోతే సీనప్ప మాదిరి అడిగే మనిషి మేలు నాయనా. ఈ కారులో వచ్చినాయప్ప మిషన్ చెప్తే బాయిలో కూడా దిగేట్టుండాడు."

నందీశ్ సీనప్ప పక్కన కూలబడ్డాడు. "నువ్వు వద్దనలేదా?"

"రెండు సార్లు వద్దన్నా."

"మూడోసారి?"

"మూడోసారి పాయసం పోసినారు."

పుట్టమ్మ కోప్పడుతుందని అందరూ చూశారు. ఆమె విస్తరి ముందు కూర్చుని, తృప్తిగా తిని, బయ్యప్పను ఒక మాట అడిగింది. "బాగేపల్లి లక్ష్మీదేవమ్మ వాళ్లు మీకు తెలుసునాప్పా? మనవరాలు ప్రేమ టీచరంట, పెండ్లి కాలేదంట. కారులో వస్తా వస్తా అన్నీ మాట్లాడుకున్నాం."

తిరుగు ప్రయాణంలో మిషన్ గోనెసంచిలో ఉంది. దారి సీనప్ప చెప్పాడు. మొహమాటంగా, వెనక సీటులో కిటికీ పక్కన కూర్చుని.

తర్వాతి శుక్రవారం మంచి ఘడియలో, తన ప్రస్థానం తన చంకలోనే పెట్టుకుని నందీశ్ బాగేపల్లి బస్సెక్కాడు. కిటికీ సీటు దొరకలేదు.