తెప్ప పార్టీ, మంట పార్టీ

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న టీవీ ఉండేది. వాగు పక్క దిబ్బ మీద ఫారెస్టు బంగళా ఉంది, టీవీ అక్కడి కాపలాదారుది. సాయంత్రం అతను సీరియల్ పెట్టగానే అడవంతా కిటికీ బయట చేరిపోయేది. వేటా లేదు, మేతా లేదు. పులి కూడా ప్రకటనలప్పుడే ఆవులించేది.

ఆ సీరియల్లో ఓడ మునిగి కొందరు ఒక దీవిలో చిక్కుకున్నారు. తెప్ప కట్టుకుని బయటపడాలా, మంట వేసి ఇంకో ఓడ కోసం ఆగాలా? ఇదీ తగువు. దీవిలో వాళ్ల సంగతేమో గానీ, మన అడవి మాత్రం నిలువునా చీలిపోయింది. కుదిరిన ఉడతల సంబంధం కూడా దీనివల్లే తప్పిపోయింది.

తెప్ప పార్టీకి నక్క నాయకుడు. "మగాడన్నవాడు దూకాలి! నేనే ఉంటేనా, ఈపాటికి ఆవలి ఒడ్డున కాళ్లు చాపుకునేవాణ్ణి" అనేవాడు. పుట్టి బుద్ధెరిగాక వాగులో తోక తడిపిన పాపాన పోలేదు.

మంట పార్టీకి ఎలుగుబంటి పెద్ద. "తొందరపడ్డవాడు చేపలకి మేత. మంట వెయ్, కూర్చో" అనేవాడు. నిప్పు కనపడితే అందరికంటే ముందు పారిపోయేది ఆయనే, అది వేరే సంగతి.

ఒక వానాకాలం సాయంత్రం కుందేలు తడిసి ముద్దయి వచ్చింది. "నక్క బావా, వాగు పొంగుతోంది. నా బొరియలోకి నీళ్లొస్తున్నాయి. పిల్లలింకా కళ్లు తెరవలేదు, కాస్త సాయం రండి."

"ఉష్! ప్రకటనలప్పుడు చెప్పమ్మా."

ప్రకటనలొచ్చాయి. కుందేలు ఎలుగు దగ్గరికి పరిగెత్తింది. "ఉండమ్మా, తాటిమొద్దు తెప్పకి పనికిరాదని ఈ నక్కకి చెప్పొస్తా" అన్నాడాయన.

పాపం, తనే పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని బంగళా దిబ్బ మీదికి చేర్చుకుంది.

సీరియల్ అవగానే కాపలాదారు ఊళ్లోకి పోయాడు, రెండు పార్టీలూ కిటికీ దగ్గరే తగువులాడుతూ ఉండిపోయాయి. తెల్లారేసరికి కరెంటు లేదు, దిబ్బ చుట్టూ ఎటు చూసినా నీళ్లు. పులి ఎప్పుడో ఈదుకుంటూ వెళ్లిపోయింది, దానికి ఏ పార్టీ లేదు కదా.

ఇంతలో ఒక పెద్ద చెట్టుమొద్దు కొట్టుకొచ్చి దిబ్బకి ఆనుకుంది. "బావా, తెప్ప! ఎక్కండి, అందరం ఎక్కుదాం!" అని కుందేలు అరిచింది.

అందరూ నక్క వైపు చూశారు. నక్క గొంతు సవరించుకున్నాడు. "ఎక్కొచ్చు. కానీ సీరియల్లో వాళ్లు ఎక్కారో లేదో ఇంకా చూపించలేదు కదా! వాళ్లెక్కాక మనం ఎక్కితే పద్ధతిగా ఉంటుంది."

"ఎలుగు మామా, నువ్వైనా ఎక్కు!"

"నేనెక్కితే తెప్ప పార్టీ గెలిచినట్టే కదమ్మా! ప్రాణం పోయినా ఆ పని చెయ్యను" అన్నాడు ఎలుగు.

కరెంటు వచ్చాక చూసి తేల్చుకుందామని రెండు పార్టీలూ తీర్మానించాయి. అవి ఒక మాట మీదికి రావడం అదే మొదలు.

కుందేలుకి ఒళ్లు మండిపోయింది. "మీ పార్టీలు తగలెయ్య! నా పిల్లలు పోతారయ్యా!" అంటూ పిల్లల్ని మొద్దు మీద పెట్టి, తనూ ఎక్కి, వెనక్కాళ్లతో దిబ్బని ఒక్క తన్ను తన్నింది. మొద్దు కదిలిపోయింది.

"సంఘం అనుమతి లేకుండానా!" అని నక్క వెనకనుంచి కేకలేశాడు.

నీళ్లు కిటికీ దాటాయి. రెండు పార్టీలూ పెంకుల మీదికెక్కి, ఒకళ్లనొకళ్లు కావలించుకుని, ఆకలితో వణికాయి. చివరికి వరద తీసింది. దిగగానే ఎవరూ మేతకి పోలేదు, కిటికీలోంచి తొంగిచూశారు. టీవీ నిండా బురద. సొంతవాళ్లు పోయినా ఎవరూ అంత ఏడవరు.

ఆ సాయంత్రం సీరియల్ వేళకి అందరూ కలిసి, మొద్దు చేరిన ఎదురుగుట్టకి బయల్దేరారు. అక్కడ కొత్త బొరియ ముందు కుందేలు, కళ్లు తెరిచిన పిల్లలు. "నా పిల్లల్ని చూడ్డానికొచ్చారా!" అని ఆ తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది.

నక్క ముందుకొచ్చి చతికిలబడ్డాడు. "అది సరేనమ్మా, మొద్దు మీదికి ముందు ఏ పిల్లనెక్కించావు?"

"చిన్నదాన్ని."

"తప్పు! పెద్దదాన్ని ఎక్కించాల్సింది. ఆ సమయానికి నేనే గనక అక్కడ ఉంటే..."

"నువ్వు అక్కడే ఉన్నావు కదా బావా" అంది కుందేలు.

ఆ మాట ఎవరికీ వినపడలేదు. చిన్నదాన్నే ముందు ఎక్కించాలని ఎలుగు అప్పటికే పార్టీ పెట్టేశాడు.

నీతి: ఈత బాగా రావాలంటే ఒడ్డు దిగకూడదు.