గాఢమైన చింత

ఉయ్‌ఘర్ ముస్లింల కష్టాల మీద ఒక ప్రభుత్వం ఎట్టకేలకు నోరు విప్పింది. ఏ ప్రభుత్వమని అడక్కండి. తన ప్రకటనలో అది ఉయ్‌ఘర్ల పేరెత్తలేదు గనక, మర్యాదకు మనమూ దాని పేరెత్తకూడదు. ఒకానొక చోట కొందరికి ఏదో జరుగుతోందన్న వార్తలపై విచారం వెలిబుచ్చి, ఆ ఒకానొక చోటుతో వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లాలని దీవించింది.

సాఫ్ట్‌వేరు పుణ్యమా అని ఆ దేశంలో తెలుగు ఓటర్లు పెరిగారు. అందుచేత తెలుగులోనూ విచారించక తప్పలేదు. ఆ పని సింగపూరులో, జురాంగ్ ఈస్ట్‌లోని ఒక అనువాదాల కంపెనీకి వచ్చి, రేపల్లె జనార్ధనరావు బల్ల మీద పడింది.

పక్క సీటు గుల్నార్ ఉయ్‌ఘర్ పిల్ల. ఆ ఒకానొక చోట వాళ్ళ నాన్నను పోలీసులు పట్టుకుపోయాక మళ్ళీ కబురు లేదు.

"మీ భాషలో రాసింది పైవాళ్ళెవరూ చూడరు కదా అంకుల్. అందులోనైనా మా పేరు రాయండి" అంది.

జనార్ధనరావు గుండె కరిగింది. ఉద్యోగం కరగకూడదు కదా. పేరు జోలికి పోకుండా విచారాన్నే కాస్త చిక్కబరిచి, "గాఢమైన చింత" అని రాశాడు.

ఆ ఒకానొక చోటి అధికారులు దాన్ని యంత్రంలో వేసి తిప్పితే "చిక్కటి చింతపండు" అని వచ్చింది. ఇదేదో సరుకు బేరమనుకుని, ఎన్ని టన్నులు కావాలని అడిగారు. ప్రభుత్వం కాదనలేక ఒప్పందం రాసుకుంది.

తెలుగు మాటకు ఇంత అవమానమా అని మనవాళ్ళ రక్తం మరిగింది. సింగపూరులోనే, బెడోక్‌లో సభ పెట్టారు. తమవాళ్ళ గురించేననుకుని గుల్నార్ కూడా వచ్చింది. అధ్యక్షుడు సుధాకరరావు, ఒక జాతి నోరు నొక్కడమంటే దాని పీక నొక్కడమేనని గర్జించాడు. జనార్ధనరావు చెవిలో ఇంగ్లీషు చేసి చెబుతుంటే పిల్ల బావురుమంది.

"నన్నూ ఒక్కసారి ఎక్కనివ్వమనండి అంకుల్. నాన్న పేరు చెప్పి దిగిపోతాను."

చప్పట్ల హోరులో అధ్యక్షుడికి వినబడలేదు. "ఏమంటోందయ్యా ఆ అమ్మాయి?"

జనార్ధనరావుకు, తనను సింగపూరులో ఉండనిచ్చే వర్క్ పాస్ గడువు గుర్తొచ్చింది. "తెలుగంటే ప్రాణమంటోందండీ."

వెంటనే శాలువా కప్పారు. "తెలుగు కోసం కంట తడి పెట్టిన విదేశీ వనిత" అని ఫొటో పెడితే లైకులే లైకులు. అందులో మీదీ ఒకటి ఉండే ఉంటుంది.

పోనీ, ఇంతసేపు చదివారు. ఆ పిల్ల తండ్రి పేరేమిటని మీరైనా అడిగారా?