ఆరేదాకా నవ్వకూడదు

దాంపత్యాన్ని నిలబెట్టేది ప్రేమ కాదు, నమ్మకం కాదు, శనగపిండి! ఎవరేమన్నా సరే, నేను ఈ మాట మీదే ఉంటాను.

కాస్త పసుపు, కాస్త గంధం, నాలుగు చుక్కల తేనె వేసి కలిపిన శనగపిండి అని పూర్తిగా చెప్పాలి. దాన్ని ముఖానికి పట్టించి ఆరబెట్టుకోవాలి. సహజ సౌందర్యం పేరు చెప్పి ఆడవాళ్లు ఇల్లంతా మూలికల కొట్టు చేసేశారని, ఫ్రిజ్‌లో చెయ్యి పెడితే కలబంద గుచ్చుకుంటోందని తోటి మగవాళ్లు నా దగ్గర వాపోతుంటారు. అయ్యా, మీరెంత అదృష్టవంతులో మీకే తెలియడం లేదు!

మా ఇంటికి ఈ భాగ్యం వదినగారి చలవే. మా ఆవిడకు అక్క, మా పై అంతస్తులోనే కాపురం. ఆన్‌లైన్‌లో ఆయుర్వేదం కోర్సు ఏదో చేసి, కంటబడ్డ వాళ్లందరినీ వాతం, పిత్తం, కఫం అని మూడు కుప్పలు పోయడం మొదలుపెట్టారు. కొరియర్ తెచ్చినతను కఫం. మా ఆవిడ పిత్తం. నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు.

"మీ సంగతి మా కోర్సులో రాలేదు మరిదిగారూ," అన్నారు చివరికి.

నా ముఖం వైద్యానికి అందే దశ దాటిపోయిందని అంత మర్యాదగా ఇంకెవరు చెప్పగలరు? మా ఆవిడకు మాత్రం రోజూ సాయంత్రం ఒక లేపనం ఖరారు చేశారు. దాంతోపాటు ఒక నియమం. లేపనం ఆరేదాకా మాట్లాడకూడదు, నవ్వకూడదు. నవ్వితే అది బీటలు వారుతుందట. బీట పడ్డచోటే రేపు ముడత పడుతుందట!

ఆహా, ఏం నియమమండీ అది! తడి తువ్వాలు మంచం మీద ఎందుకు పడేశారని అడగాలంటే మా ఆవిడ కళ్లతోనే అడగాలి. నేను ఆ కళ్ల వైపు చూడను. గొడవ అక్కడితో సరి!

కింది వాటాలో ఉండే టైలరు ఒకరోజు కత్తెర చేతిలో పట్టుకునే పైకొచ్చాడు. మా బాత్‌రూమ్ నీళ్లు వాళ్ల గోడలోకి దిగుతున్నాయట. అక్కాచెల్లెళ్లిద్దరూ పచ్చటి ముఖాలతో తలుపు తీసి, నోరు విప్పకుండా అతన్నే చూస్తూ నిలబడ్డారు. "అబ్బే, ఏం లేదండీ... ఊరికే పలకరిద్దామని," అంటూ మెట్లు దిగిపోయాడు. ఆ గోడ ఇప్పటికీ చెమ్మగానే ఉంది. స్నేహం మాత్రం చెక్కు చెదరలేదు.

ఇన్ని లాభాల మధ్య నాకు ఒకే ఒక్క చిక్కు వచ్చిపడింది. నేను ఏం రాసినా ముందు వినేది మా ఆవిడే. పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటు. ఆవిడ నవ్విందా, పత్రికకు పంపుతాను. నవ్వలేదా, చింపేస్తాను. అప్పట్లో ఆవిడ నవ్వు వినిపిస్తే పక్కింటివాళ్లు కిటికీ తీసి "ఈ వారం ఏం రాశారేంటి?" అని అడిగేవారు. నేను ఆఫీసు నుంచి వచ్చి చదివి వినిపించే వేళే లేపనం వేళ అయి కూర్చుంది. నవ్వకూడదు! మరి నా రాత బాగుందో లేదో నాకు తెలిసేదెలా?

గుండె చిక్కబట్టుకుని చదివాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని బొమ్మలా కూర్చుంది. సగం పేజీ అయ్యేసరికి భుజాలు సన్నగా కదిలాయి. ముక్కుపుటాలు అదిరాయి. మూసిన కళ్ల కొసల్లో తడి! పాపం, నవ్వు ఆపుకోలేక ఎంత అవస్థ పడుతోందో! నా ఆనందం ఏమని చెప్పను? పైకి నవ్విన నవ్వుకన్నా ఆపుకున్న నవ్వు గొప్పది కాదూ?

ఇక చూస్కోండి, కాలమ్ మీద కాలమ్ రాసిపారేశాను. ఒక్కటీ చింపలేదు. పాఠకుల ఉత్తరాలు మాత్రం తగ్గుతూ వచ్చాయి. వాళ్లూ లేపనాల్లో ఉన్నారు కాబోలు అనుకున్నాను.

మొన్న శనగపిండి అయిపోయింది. పోనీ అడుగుదామంటే వదినగారు ఊళ్లో లేరు. మా ఆవిడ శుభ్రంగా కడుక్కున్న ముఖంతో వచ్చి కూర్చుంది. ఇవాళ నవ్వులకి ఇంటికప్పు ఎగిరిపోవడం ఖాయం అనుకుంటూ మొత్తం చదివాను. ఆవిడ ఆవలింత ఆపుకుంది.

"బాగుందండీ," అంది.

"మరి నవ్వలేదేం?"

"ఎక్కడ నవ్వాలి?"

కాగితాలు పక్కన పెట్టి, "రోజూ నేను చదువుతుంటే నీ భుజాలు కదిలేవి కదే?" అన్నాను.

"దురదండీ బాబూ! ఆ పిండి ఆరేటప్పుడు ముక్కు మీద ఎంత దురద పుడుతుందో మీకేం తెలుసు? గోక్కోకూడదు, మాట్లాడకూడదు. ఒక్కోరోజు ఏడుపొచ్చేసేది."

అనేసి, నా ముఖం చూసి తనే నొచ్చుకుంది. "ఇదివరకు బాగానే రాసేవారు," అని ఓదార్చింది. ఓదార్పు అంటే అలా ఉండాలి! ఆ వేళ అన్నం సహించలేదు నాకు. ఆవిడ ముఖం మీద ముడతలేమీ లేవు. ముడతలు పడింది నా రాతకి. దానికి ఏ ఆకు నూరి పూయాలో వదినగారి కోర్సులో ఉంటుందంటారా?

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ నేనే శనగపిండి తెచ్చాను. నేనే పసుపు వేసి, ఉండ కట్టకుండా కలిపాను. "మీ అక్కయ్య లేదని మానేస్తావా? చర్మం పాడైపోదూ!" అంటూ గిన్నె ముందు పెట్టాను. ఆవిడ గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. రెండు వేళ్లతో తీసి ముఖానికి పట్టించుకుంది.

కాబట్టి పాఠక మహాశయులారా, ఇది చదివి మీకు నవ్వు రాకపోతే కంగారుపడి ఎడిటర్‌గారికి రాయకండి. ముందు ముఖానికి ఏదైనా పూసుకుని, మళ్లీ మొదటినుంచి చదవండి.

మీరు చదివిన ఈ కాలమ్‌నే ఇందాక ఆవిడకు వినిపించాను. దురద సంగతి దగ్గరికి వచ్చేసరికి భుజాలు కదిలాయి. కాస్త గట్టిగానే కదిలాయి. పెదవి పక్కన సన్నటి బీట కూడా పడింది. ఎందుకని నేను అడగలేదు. ఆరేదాకా ఆవిడ మాట్లాడకూడదు కదా!