టమాటాతో పరిచయం

కంచం అంచున ఒక టమాటా తొక్క బయటపడినందువల్ల మొన్నామధ్య మా ఇంట్లో శాంతిభద్రతలకు భంగం కలిగింది. కూరలో టమాటా వెయ్యలేదని నేనన్నాను. వేశావని మావారన్నారు. నిజానికి వేసింది ఒక్కటే, అదీ ఆనవాలు లేకుండా నలిపి. కానీ మావారు నీటి సరఫరా కార్యాలయంలో సూపరింటెండెంటు. ఊరి గొట్టాల్లో నీళ్లెందుకు రావో తప్ప తక్కిన లోపాలన్నీ ఆయన కంటికి ఇట్టే కనిపిస్తాయి. తొక్కను చెంచా కొనతో ఎత్తి, దీపం వెలుగులో పరీక్షించి, ఆ పూట భోజనాన్ని రద్దు చేశారు.

నాకు టమాటా అంటే ప్రాణం. బాగా పండినదాన్ని చక్రాల్లా కోసి, ఉప్పూ మిరియాల పొడీ చల్లుకుని తినడం పుట్టింట్లో అలవాటు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలోనే, ఆ వాసన అబ్బాయికి పడదని అత్తయ్య సెలవిచ్చారు. అప్పటినుంచి వంటింటి తలుపు చాటున నిలబడి, గబగబా తిని మూతి తుడుచుకుంటున్నాను. ఇందులో బాధపడవలసింది ఏమీ లేదు. అందరి మధ్యా కుర్చీలో కూర్చుని తీరిగ్గా తినాలని ఒక చిన్న కోరిక ఉండేది. దాన్ని కొంగున ముడేసి ఊరుకున్నాను.

పరిస్థితి ఇంత సజావుగా ఉండగా, మావారి కార్యాలయంలో వైద్య శిబిరం జరిగింది. డాక్టరమ్మ ఆయన పొట్ట చుట్టుకొలత చూసి, కాస్త ఆలోచించి, వేపుళ్లు తగ్గించి కూరగాయలు పెంచమనీ, పచ్చి టమాటాలతో మొదలుపెట్టమనీ చెప్పింది. ఆ విపత్తును మా కుటుంబం ఒక్కతాటి మీద నిలిచి ఎదుర్కొంది.

పరిచయం లేని పదార్థాన్ని హఠాత్తుగా నోట్లో పెట్టుకోవడం సాహసమే అవుతుంది గాని ఆరోగ్యం కాదని మావారు నిర్ణయించారు. కాబట్టి అభ్యాసం దశలవారీగా సాగాలి. మొదటి దశలో టమాటాను బల్ల మీద ఉంచి దూరం నుంచి చూడటం. రెండో దశలో కుర్చీ దగ్గరికి జరుపుకోవడం. ఆపైన తాకడం, వాసన చూడటం, చివరికి, అన్నీ అనుకూలిస్తే, కొరకడం. ఇంట్లో ఉన్న టమాటాలన్నీ ఈ కార్యక్రమానికి బదిలీ అయ్యాయి. తలుపు చాటు సరఫరా నిలిచిపోయింది.

చూసే దశ నిర్విఘ్నంగా ముగిసింది. మావారు కళ్లార్పకుండా టమాటాను చూస్తుంటే అత్తయ్య ఆయన వీపు నిమురుతూ కూర్చున్నారు. తాకే దశకు మా ఆడపడుచు, భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. అన్నయ్య వేలు టమాటాకు తగిలిన క్షణంలో ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. ఈ రాకపోకలన్నిటికీ వండి వడ్డించే భాగ్యం నాకు దక్కింది.

కొరికే ఘట్టం ఆదివారం మధ్యాహ్న భోజనానికి ఖరారైంది. అత్తయ్య మంచినీళ్ల గ్లాసుతో పక్కనే నిలబడ్డారు. మావారు చిటికెన వేలి గోరంత ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, మింగారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన లేచి నిలబడ్డారు.

“ఇది టమాటా మీద విజయం కాదు. మనిషి తన మీద తాను సాధించిన విజయం. నాకు అండగా నిలిచిన అమ్మకీ, చెల్లాయికీ, బావగారికీ నా కృతజ్ఞతలు.”

మళ్లీ చప్పట్లు. కాలేజీలో చదివే మా అమ్మాయి మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంది.

“అమ్మ ఎన్నేళ్లనుంచో తింటోంది కదా నాన్నా. ఆవిడకి ఎవరూ చప్పట్లు కొట్టరేం?”

“మీ అమ్మకి ఇష్టం గనక తింటుందే,” అన్నారు అత్తయ్య. “ఇష్టమైంది తినడంలో గొప్పేముంది? మావాడు కష్టపడి తింటున్నాడు.”

ఈ సూక్ష్మం మావారికి ఎంతో నచ్చింది. అక్కడికక్కడే నా వైపు తిరిగి నిర్ణయం ప్రకటించారు. “ఇకమీదట టమాటాలు నాకే ఉంచు. నీకెలాగూ ఇష్టమేగా, నీకు అభ్యాసంతో పనిలేదు.”

సూత్రం నాకూ నచ్చింది. అంత మంచి సూత్రాన్ని ఒక్క కాయతో సరిపెట్టడం అన్యాయమనిపించింది. నేను వడ్డించే గరిటె కింద పెట్టి, కుర్చీ లాక్కుని, అందరి మధ్యా కూర్చున్నాను. మావారి అభ్యాసానికి ఉంచిన గిన్నెలోంచి నిగనిగలాడే టమాటా ఒకటి తీసి చక్రాలుగా కోశాను. ఉప్పు చల్లాను. మిరియాల పొడి చల్లాను. మొదటి చక్రం పూర్తిగా నమిలి మింగాకే నోరు తెరిచాను.

“అయితే వంట సంగతీ తేల్చేద్దామండీ. నాకు వండటం ఇష్టమే, అందులో గొప్పేం లేదు. మీకు బొత్తిగా ఇష్టం లేదు గనక, రేపట్నుంచి వంట మీరు చెయ్యండి. కంగారు పడకండి, దశలవారీగానే. ఈ వారమంతా పొయ్యిని దూరం నుంచి చూస్తే చాలు.”

ఈసారి చప్పట్లు కొట్టింది మా అమ్మాయి ఒక్కతే. మావారు వంటింటి గుమ్మం వైపు ఒకసారి చూసి, అభ్యాసం అప్పుడే మొదలైపోతుందేమోనని చప్పున తల తిప్పుకున్నారు. అందరికంటే ముందు తేరుకున్నది అత్తయ్య.

“మరి వీడు వండేదాకా మేమంతా ఏం తినాలే?”

రెండో చక్రం మీద ఉప్పు సరిచూసుకుని, గిన్నెను ఆవిడ ముందుకు జరిపాను.

“టమాటాలు, అత్తయ్యా.”