‘క’ కరువైన పెనం

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. మాటివ్వకపోయినా చెబుతాననుకోండి, కడుపు ఉబ్బిపోతోంది.

పెళ్ళంటే రెండు జీవితాలు పెనవేసుకోవడం అంటారు కదా. నా విషయంలో అది పెనం తోముకోవడం. మా ఇంట్లో ఉన్నది ఒకటే చట్టం: వండినవాళ్ళు తోమక్కర్లేదు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి! పెళ్ళైన కొత్తలో నేనే చప్పట్లు కొట్టి మరీ ఒప్పుకున్నాను. నాకు వంట రాదన్న సంగతి ఆ చప్పట్ల హడావిడిలో మర్చిపోయాను.

పదకొండేళ్ళుగా తోముతున్నాను. గిన్నెలూ చెంచాలూ పర్వాలేదు, వాటికి కాస్త జాలీ దయా ఉంటాయి. మా ఆవిడ ఇనుప పెనానికి అవేం లేవు. ఒక్క గుడ్డు దాని నడిమధ్య అంటుకుందా, ఆ పూట నా భుజం నాది కాదు.

నేను చేసే ఉద్యోగం కూడా చెప్పాలి. ప్యాకెట్ల కంపెనీలో ప్యాకెట్ల మీద మాటలు రాస్తాను. ‘ఇక్కడ చింపండి’ నాదే. ‘తడి తగలనివ్వకండి’ కూడా నాదే. మీ అందరి వంటిళ్ళలోనూ నా రచనలున్నాయి. ఒక్కరూ దాచుకోరు, చింపేస్తారు. ఆఫీసులో నన్ను ‘చింపండిగారు’ అంటారు, నాకూ అలవాటైపోయింది.

మా ఆవిడ బళ్ళో తెలుగు టీచరు. సంచిలో ఇంటి తాళాలు పెట్టుకోవడం మర్చిపోతుందేమో గానీ ఎర్ర పెన్ను మర్చిపోదు. పెళ్ళికి ముందు నేను రాసిన ప్రేమలేఖని దిద్ది, పదికి ఆరు మార్కులేసి తిరిగిచ్చింది. ‘భావం బాగుంది, దస్తూరి మెరుగుపడాలి’ అని కింద సంతకం కూడా పెట్టింది. అప్పట్నుంచీ నా రాతలేవీ ఆవిడ కంట పడనివ్వను.

పోయిన నెల మా కంపెనీ ఒక అద్భుతం తయారుచేసింది. పేరు ‘విప్పుపెనం’. లోపల కోసిన కూరగాయ ముక్కలు, మసాలా. బయట అల్యూమినియం రేకు. మడతలు విప్పితే ప్యాకెట్టే పెనమైపోతుంది, పక్కనున్న నాలిక లాగితే పిడి వస్తుంది. రేకు వంగకుండా అడుగున ఒక అట్ట అంటించి ఉంటుంది. దాన్ని పీకేసి పొయ్యి మీద పెట్టాలి. వండాలి, తినాలి, పారేయాలి. తోమడం అన్న క్రియాపదమే లేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి.

ఒకటి చంకలో పెట్టుకుని ఇంటికి పరిగెత్తాను.

“ఏమోయ్, ఇది చూడు!”

“ఏమిటది?”

“పెనం.”

“ప్యాకెట్టులా ఉందే.”

“విప్పితే పెనం.”

“విప్పకపోతే?”

“ప్యాకెట్టు.”

“మీలాగే అన్నమాట. నోరు విప్పేదాకా తెలివైనవాళ్ళలాగే కనిపిస్తారు.”

అంటూనే ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదవబోయింది. నేను లాక్కున్నాను. “చదవడానికి కాదు, వండడానికి. ఆదివారం మీ అమ్మగారూ తమ్ముడూ భోజనానికి వస్తున్నారుగా? వంటంతా వీటిలోనే. తినడానికి కాగితం పళ్ళాలు. సింకులో ఒక్క గిన్నె పడదు. పడకపోతే ఈ జన్మలో నేనిక తోమను.”

“పడితే?”

“పడదు.”

“పడితే అంటున్నాను.”

“పడితే ఆదివారం ఆదివారం వంట నాది!”

“సరే,” అంది. పదకొండేళ్ళలో నా మాటకి అంత తొందరగా సరే అనడం అదే మొదటిసారి. అనుమానించాల్సింది పోయి నేను సంతోషించాను.

ఆదివారం రానే వచ్చింది. మొదటి విప్పుపెనం నేనే విప్పాను. అట్ట పీకి, పొయ్యి మీద పెట్టి, అయిదే అయిదు నిమిషాల్లో ఘుమఘుమలాడించాను. మా అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. మా బావమరిది బస్సు డ్రైవరు. హారన్ పనిచేయకపోయినా వాడి గొంతుతో బస్సు నడిచిపోతుంది, అందుకే అందరూ వాణ్ణి సైరన్ అంటారు. “బావా, అదిరింది!” అని వాడంటే గోడ మీద క్యాలెండరు నిజంగానే అదిరింది.

మా ఆవిడ చేతులు కట్టుకుని గుమ్మంలో నుంచుంది. ఏమీ ముట్టుకోలేదు. నేను ఆవిడ వంక చూసి కనుబొమ్మలెగరేశాను. ఆ కనుబొమ్మల్ని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఇక్కడ మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ అచ్చులో ఉన్న మాటని దేవుడి మాటలా పాటిస్తారు. తలనొప్పి మాత్ర వేసుకోవాలన్నా లోపలి కాగితం ఈ కొస నుంచి ఆ కొస దాకా చదువుతారు. చదివేసరికి తలనొప్పి తగ్గిపోతుంది, అది వేరే విషయం.

“బాబూ, ‘వాడి పారేయండి’ అనుంది. ఎవడిది పారేయాలి?” అన్నారు రెండో ప్యాకెట్టు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని.

“ఎవడిదీ కాదండీ. వాడుకుని పారేయమని.”

“అలాగా. మా వాడిదేమో అనుకున్నా.”

“మీరు కూర్చోండి అత్తయ్యగారూ, మిగతావి నేను చేస్తాను,” అన్నానే గానీ, హాల్లో సైరన్ దొరికేసరికి నోరు ఊరుకోలేదు. భవిష్యత్తులో వంటగదులెలా ఉంటాయి, సింకులు ఎలా మాయమైపోతాయి అని ఉపన్యాసం మొదలుపెట్టాను. అల్లుడు పాపం అలిసిపోయాడని మా అత్తగారు ఇంకో రెండు ప్యాకెట్లు రెండు పొయ్యిల మీదా పెట్టారు. మనసు మంచిది. ప్యాకెట్టు మీద ఏముందో అక్షరం పొల్లుపోకుండా చదివి మరీ పెట్టారు.

నేను “స్త్రీ జాతికి విముక్తి” అనే మాట దగ్గరుండగా వంటింట్లోంచి నల్లగా పొగ వచ్చింది.

“మంటలోయ్!” అన్నాడు సైరన్.

వాడు మామూలుగానే అన్నానంటాడు. మూడంతస్తుల వాళ్ళూ దిగొచ్చారు. పైనింటి టైలరు బక్కెట్టుతో, ఎదురింటి డాక్టరమ్మ కుక్కరు నిండా నీళ్ళతో, కిందింటి పెద్దాయన చేతికందిన టీ గిన్నెతో. అప్పటికే మా ఆవిడ పొయ్యి కట్టేసి, రెండు పెద్ద మూతలు తెచ్చి మంటల మీద బోర్లించేసింది. మంట ఆరిపోయింది. కానీ తెచ్చిన నీళ్ళు వెనక్కి తీసుకెళ్ళడం ఎవరికి ఇష్టం చెప్పండి? అన్నీ నా మీద పోశారు.

పోసినవాళ్ళు తెచ్చిన గిన్నెలన్నీ మా సింకులో పడేసి, “అయ్యో పాపం” అనుకుంటూ వెళ్ళిపోయారు. మా మూతలతో కలిపి పధ్నాలుగు. మా ఆవిడ వేలితో చూపిస్తూ పైకే లెక్కపెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది, తడిసున్నా సరే. “అత్తయ్యగారూ! అట్ట తీయకుండా ఎవరు పెట్టమన్నారండీ?”

“మీరే బాబూ.”

“నేనా?”

“ప్యాకెట్టు మీద రాసేది మీరే కదా? అలా ఎందుకు పెట్టాలా అని నాకూ అనిపించింది. అల్లుడుగారు తెలిసే రాసుంటారులే అనుకున్నా.”

మా ఆవిడ మిగిలిన ప్యాకెట్టు అందుకుంది. ఈసారి లాక్కునే ఓపిక నాకు లేదు. పిల్లల చేత ఎక్కాలు చెప్పించే గొంతుతో చదివింది: “అడుగున ఉన్న అట్ట తీయకుండా పొయ్యి మీద పెట్టండి.”

“పెట్టకండి,” అన్నాను.

“పెట్టండి.”

“పెట్టకండి అని రాశానే!”

“‘క’ ఎక్కడుందండీ?”

చూశాను. తిప్పి చూశాను. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. ‘క’ లేదు.

“ప్రెస్ వాడు మింగేశాడు!” అన్నాను.

“మీరు పంపిన కాగితం ఫోన్లో ఉంటుందిగా. చూపించండి.”

చూపించాను. అందులోనూ లేదు. ప్రెస్ వాడు నిర్దోషి. అప్పుడు గుర్తొచ్చింది. అలాంటివి మూడు వేల ప్యాకెట్లు గోడౌన్లో ఉన్నాయి. సోమవారం పొద్దున్నే లారీ ఎక్కి దుకాణాలకి వెళ్ళిపోతాయి. మూడు వేల ఇళ్ళు, ఇంటికో అత్తగారు.

మా మేనేజరుకి ఫోన్ చేశాను. ఆయన ప్రతి మాటా ‘సరేగానీ’తో మొదలుపెడతారు. విషయమంతా చెప్పాను.

“సరేగానీ, అది రాసిందెవరయ్యా?”

“నేనేనండి.”

“సరేగానీ, రేపు తప్పున్న ప్యాకెట్టు ఒక్కటి లారీలో కనబడినా, దాని పక్కనే నువ్వూ ఎక్కి కూర్చో. మళ్ళీ ఆఫీసుకి రాకు.”

ఫోన్ పెట్టేసి తడిబట్టలతోనే కుర్చీలో కూలబడ్డాను. నవ్వులాట కాదు, నిజంగా ఏడుపొచ్చింది. నాకు వచ్చిన పని అదొక్కటే. ‘ఇక్కడ చింపండి’ అని రాసేవాణ్ణి ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు?

మా ఆవిడ తువ్వాలు తెచ్చి నా తల తుడిచింది. “దీనికింత బాధెందుకండీ? రాసేటప్పుడు అక్షరం మర్చిపోతే ఏం చేస్తాం?”

“మార్కులు పోగొట్టుకుంటాం.”

“హంసపాదు పెడతాం.”

మర్చిపోయారేమో, చిన్నప్పుడు కాపీ పుస్తకాల్లో పెట్టేవాళ్ళం. వదిలేసిన అక్షరం దగ్గర కింద చిన్న కొక్కెంలా గీసి, అక్షరం పైన రాస్తాం. అది హంసపాదు. హంస పాదం ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, ఆ క్షణంలో మా ఆవిడ పాదాల మీద పడదామనిపించింది.

అరగంటలో నలుగురం గోడౌన్లో ఉన్నాం, చేతిలో తలా ఒక ఎర్ర మార్కరు. సైరన్ పెట్టెలు దించుతాడు, మేం ముగ్గురం ‘ట్ట’కీ సున్నాకీ మధ్య హంసపాదు పెట్టి, పైన ‘క’ రాస్తాం. రెండు గంటలు దాటేసరికి నా చెయ్యి నాకే అర్థం కాని భాషలో రాయడం మొదలుపెట్టింది. అది చాలదన్నట్టు మా ఆవిడ నా దొంతర తనవైపు లాక్కుని పరీక్ష పేపర్లలా తిరగేసింది.

“ఈ ‘క’కి తలకట్టేది?”

“కంగారులో పోయింది.”

“తిరిగి రాయండి. ఇది ‘క’ కాదు, ‘శ’లా ఉంది. ‘పెట్టశండి’ అంటే ఏమిటి?”

“నాకేం తెలుసు?”

“తెలియకుండా ఎందుకు రాశారు?”

డెబ్భై ప్యాకెట్లు వెనక్కొచ్చాయి. మళ్ళీ రాశాను. సాయంత్రం దీపాలు పెట్టేవేళకి మూడు వేలూ అయిపోయాయి. మర్నాడు మా మేనేజరు నాలుగు పెట్టెలు విప్పించి చూసి, “సరేగానీ, ఇంత చక్కటి ‘క’ నీది కాదే?” అన్నారు. నా ఉద్యోగం మిగిలింది. ఆ పూట మా ఆవిణ్ణి చూస్తుంటే పదికి పది మార్కులకి సరిపడా ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ ప్రేమ శనివారం దాకా ఉంది.

శనివారం మా ఆవిడ, “రేపటి వంట మీదేనండోయ్, అమ్మనీ తమ్ముణ్ణీ పిలిచాను,” అంది. సరిగ్గా అప్పుడే నా బుర్రలో దీపం వెలిగింది. వంట నాదైతే తోమడం ఎవరిది? వండినవాళ్ళు తోమక్కర్లేదు! ఓడిపోయింది నేను కాదు. ఆవిడ ఇంకా గమనించలేదు. పాపం, తెలుగు టీచరు కదా, లెక్కలు రావు.

ఆదివారం పొద్దున్నే వంటింట్లో దూరాను. పదకొండేళ్ళ కసి ఒక్క పూటలో తీర్చుకున్నాను. గుడ్లు ఒక గిన్నెలో ఉడికించి, ఇంకో గిన్నెలోకి మార్చి, మూడో గిన్నెలో పెంకు తీశాను. ఉల్లిపాయకో పళ్ళెం, బంగాళాదుంపకో పళ్ళెం. ఉప్పుకి కూడా విడిగా ఒక గిన్నె పెట్టాను. ఇనుప పెనం మీద బంగాళాదుంపల్ని బాగా, మనసారా, అడుగంటేదాకా వేయించాను. మొత్తం పదిహేడు. సింకు మీదకి గోపురంలా లేచింది. అది చూస్తుంటే అన్నం తినకుండానే నా కడుపు నిండింది.

అందరికీ వడ్డించాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మా అత్తగారు కిటికీలోంచి బయటికి చూడసాగారు. పదకొండేళ్ళలో మొదటిసారి సైరన్ గొంతు తగ్గించి, “నీళ్ళు,” అన్నాడు.

నేను అవేం పట్టించుకోలేదు. చేతులు దులుపుకుని, “ఏమోయ్, ఇంటి చట్టం గుర్తుందిగా? వండినవాళ్ళు తోమక్కర్లేదు,” అన్నాను.

“అక్షరాలా నిజం,” అంది మా ఆవిడ. వాళ్ళమ్మ వైపు తిరిగింది. “అమ్మా, నువ్వు అబద్ధమాడవు. ఇదేమిటంటావు?”

మా అత్తగారు పళ్ళెం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు. “పదార్థం,” అన్నారు.

“వంట అనొచ్చా?”

“వంట అని ఎలా అంటామే! అల్లుడుగారంటే నాకు గౌరవమే. అయినా వంట మాత్రం కాదు.”

మా ఆవిడ నా వైపు తిరిగింది. “చట్టం చట్టమేనండీ, నేను కాదనను. ఇంతకీ వండినవాళ్ళెవరు?”

సైరన్ వైపు చూశాను. వాడు మూడో గ్లాసు నీళ్ళు తాగుతున్నాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుని సింకు దగ్గరికి నడిచాను.

ఎనిమిదో గిన్నె దగ్గరుండగా మా ఆవిడ పక్కకొచ్చి నిలబడింది. గుడ్డ తీసి, నేను తోమిన ఇనుప పెనం తడి లేకుండా తుడిచింది. ఎంతైనా పెళ్ళాం పెళ్ళామే అనుకున్నాను, గుండె కరిగిపోయింది.

తుడిచిన పెనం తీసుకెళ్ళి పొయ్యి మీద పెట్టింది.

“అదేమిటి?” అన్నాను.

“ఒంటిగంటైందండీ. నలుగురం ఆకలి మీదున్నాం. తోమినవి తోమినట్టు ఇటిచ్చి, మళ్ళీ మొదలుపెట్టండి. నేను పక్కనే నుంచుని చెబుతాను.”

ఈసారి రెండే గిన్నెలు వాడాను.