నోరు మూసుకుంటే సగం అద్దె

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇల్లు చూడాలి, అద్దె మాట్లాడుకోవాలి, అంతవరకూ అత్తగారు నోరు మెదపకూడదు. మొదటి రెండూ ఎలాగోలా అయిపోతాయి. అల్లుడి బెంగంతా మూడోదాని గురించే.

"మీకు పుణ్యముంటుంది అత్తయ్యా," అన్నాడు బస్సు దిగుతూ. "మిలిటరీ అన్న మాట మాత్రం ఎత్తకండి. మనకి ఇంటి అలవెన్సు వస్తుందని తెలిస్తే చాలు, అద్దెకి రెక్కలొస్తున్నాయి."

"నా నోట్లో నువ్వుగింజ నానదనేగా మీ ఉద్దేశం," అన్నారు అత్తగారు.

అల్లుడు మర్యాదస్తుడు కాబట్టి ఆవిడ చేతిసంచీ అందుకుని ముందుకు నడిచాడు.

అత్తగారి కూతురు సైన్యంలో కెప్టెన్. రెండేళ్ళు ఎక్కడో కొండల మీద, కుటుంబాన్ని రానివ్వని చోట పనిచేసింది. ఇప్పుడు ఈ ఊరి చివర క్యాంపుకు బదిలీ అయింది. ఇక్కడైతే అమ్మతో, మొగుడితో కలిసి ఉండొచ్చు. ఉండటానికి ఇల్లు దొరకాలి, అంతే. క్యాంపు లోపలి క్వార్టర్స్ కోసం పేరు రాయిస్తే, వీళ్ళ వంతు వచ్చేసరికి ఆ పిల్లకు ఇంకో బదిలీ వచ్చేస్తుందన్నారు. ఊరికి ఆ కొసన అపార్ట్‌మెంట్లు చవకే గాని, తెల్లవారక ముందే డ్యూటీకి వెళ్ళాల్సిన మనిషికి అక్కడినుంచి బస్సు ఉండదు. ఇక మిగిలినవి క్యాంపు గోడను ఆనుకుని ఉన్న వీధుల్లోని అద్దె ఇళ్ళు.

వాటిలో నాలుగు చూశారు. ప్రతి ఇంట్లోనూ అద్దె అందుబాటులోనే మొదలయ్యేది. కాఫీ తాగుతూ అత్తగారు "మా అమ్మాయి కెప్టెనండీ" అనేవారు. "ఇంకేం, గవర్నమెంటే ఇస్తుంది కదమ్మా, మీ జేబులోంచి పోయేదేముంది," అని ఇంటివాళ్ళు అద్దె పెంచేవారు. నాలుగో ఇంట్లో అత్తగారు, యూనిఫాం మీద పతకం తగిలించుకున్న కూతురి ఫోటో కూడా చూపించారు. ఆ అద్దె అలవెన్సును దాటేసింది, ఏడాది అడ్వాన్సు కూడా అడిగారు. ఈ అయిదోది కూడా పోతే దారి లేదు. కూతురు మళ్ళీ క్యాంపులో ఒంటరి గదికి, వీళ్ళిద్దరూ మళ్ళీ పాత ఊరికి పోవాల్సిందే.

అయిదో ఇల్లు మేడమీద వాటా. రెండు గదులు, వంటిల్లు. ముందుగదిలో పెద్ద కిటికీ. అల్లుడు టైలరు కాబట్టి, ఆ వెలుగు చూడగానే మనసులో కుట్టుమిషను అక్కడ పెట్టేశాడు. అత్తగారు అదే కిటికీలోంచి చూశారు. ఎదురుగా క్యాంపు గేటు. గొంతుదాకా వచ్చిన మాటను ఆవిడ కష్టపడి మింగారు.

కింద ఇంటావిడ టీ ఇచ్చింది. ఇంటాయన పేపరు వెనకాల ఉన్నాడు.

"అమ్మాయి రాలేదేం వదినగారూ?" అంది ఇంటావిడ.

"దాన్ని ఆదివారం వదుల్తారండీ."

పేపరు కొద్దిగా కిందికి దిగింది.

"రోజూ ఫోను చేస్తుందా?"

"ఎక్కడండీ, ఫోన్లు తీసేసుకునేవాళ్ళు. ఈ రెండేళ్ళలో రెండేరెండు సార్లు చూశాను."

"అయ్యో. మరి తిండీ అదీ?"

"అందరికీ ఒకటే వంట. గంట కొడితే తినాలి, గంట కొడితే పడుకోవాలి. బట్టలూ అందరికీ ఒకటే." మిలిటరీ అన్న మాట రాకుండా ఇన్ని సంగతులు చెప్పగలుగుతున్నందుకు అత్తగారికి తనమీద తనకే ముచ్చటేసింది.

పేపరు ఒళ్ళోకి వచ్చేసింది. "ఎన్నాళ్ళమ్మా?" అన్నాడు ఇంటాయన మెల్లగా.

"పదేళ్ళండీ. నడవడిక బాగుంటే పొడిగిస్తారు."

"నడవడిక బాగుంటే తగ్గించాలి కదమ్మా."

"తగ్గిస్తామన్నా మా అమ్మాయి ఒప్పుకోదు."

ఇంటావిడ కళ్ళు తుడుచుకుంది. "తల్లి ప్రాణం, మీకెలా ఉంటుందో."

"గర్వంగా ఉంటుంది," అన్నారు అత్తగారు. ఈ ఒక్కటీ మింగడం ఆవిడ వల్ల కాలేదు. "వాళ్ళ నాన్నగారూ జీవితమంతా అక్కడే. మా మామగారు అక్కడే పోయారు. మూడు తరాల నుంచీ మా ఇంట్లో ఇదే."

భార్యాభర్తలు లోపలికి వెళ్ళి గుసగుసలాడుకున్నారు. తిరిగొచ్చి ఇంటాయన చెప్పిన అద్దె, బోర్డు మీద రాసినదాంట్లో సగం. అల్లుడి కప్పులోంచి టీ ఒలికింది.

"చూశారా, నోరు మూసుకుంటే ఎంత లాభమో," అన్నారు అత్తగారు దారిలో.

మర్నాడే సామాను దింపారు. వీధి కొంచెం వింతగా అనిపించింది. అల్లుడు కనబడగానే పక్కింటావిడ ఆరేసిన బట్టలు ఆరకుండానే తీసేసింది. ఎదురింటాయన కుట్టుమిషనును ఎగాదిగా చూసి, "ఈ పని కూడా లోపలే నేర్చుకున్నారా?" అని అడిగాడు. "లేదండీ, బయటే నేర్చుకున్నాను," అన్నాడు అల్లుడు అమాయకంగా. సాయంత్రాలు ఇంటాయన గేటు దగ్గర ఎవరితోనో వాదించడం వినబడేది. "వాళ్ళు మనుషులు కారా? తల్లేం పాపం చేసింది? నా ఇల్లు, నా ఇష్టం," అనేవాడు. "ఎవరికోసమో గాని ఎంత నిలబడుతున్నాడండీ మహానుభావుడు," అనుకునేవారు అత్తగారు.

ఆదివారం ఉదయం ఇంటాయన మేడ ఎక్కి వచ్చాడు. కుర్చీ లాక్కుని, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"మా దగ్గర దాచక్కర్లేదమ్మా. ముప్ఫయ్యేళ్ళు జైల్లో వార్డరుగా చేసినవాణ్ణి. మీరు నాలుగు మాటలు చెప్పగానే పట్టేశాను. ఇంతకీ అమ్మాయి ఏం చేసింది? దొంగతనమా, కొట్లాటా?"

అత్తగారికి సగం అద్దె ఎందుకో, ఆరని బట్టలు ఎందుకో ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఇంటాయన వెనకనుంచి అల్లుడు రెండు చేతులూ జోడించాడు. కిటికీ వైపు చూపించాడు, మిషను వైపు చూపించాడు. ఆవిడ కిటికీ చూశారు. అవతల గేటు. ఇంకో గంటలో ఆ గేటులోంచే కూతురు వస్తుంది, ఎన్నాళ్ళకో మళ్ళీ తన చేతి అన్నం తింటుంది. ఊరుకుంటే ఇల్లు మిగులుతుంది.

ఊరుకోలేకపోయారు.

"మా అమ్మాయి కెప్టెన్," అన్నారు లేచి నిలబడి. "మంచుచరియలు విరిగిపడితే తన మనుషుల్ని ఒక్కణ్ణి కూడా వదలకుండా కిందికి దించుకొచ్చింది. అందరూ దిగాకే తను దిగింది. అద్దె పెంచుకుంటారో, రెట్టింపు చేసుకుంటారో మీ ఇష్టం. కట్టలేకపోతే రోడ్డుమీద ఉంటాం. అంతేగాని నా కూతుర్ని దొంగ అనుకునే ఇంట్లో సగం అద్దెకి ఉండను అన్నయ్యగారూ."

అల్లుడు కళ్ళు మూసుకున్నాడు. ఇంటాయన మాత్రం చలించలేదు. చాలా జాలిగా తలూపాడు.

"జైలు గేటు దగ్గర తల్లులందరూ ఇలాగే చెప్పేవాళ్ళమ్మా. ఒకావిడైతే కొడుకు జడ్జీ అనేది."

అత్తగారు పరుగున వెళ్ళి ఫోటో తెచ్చి చేతిలో పెట్టారు.

"ఈ డ్రస్సులు స్టూడియోల్లో అద్దెకిస్తారు లెండి," అన్నాడాయన, ఫోటోను ఆప్యాయంగా తిరిగిచ్చేస్తూ.

నిజం చెప్పినా నమ్మకపోతే ఏం చెయ్యాలో మూడు తరాల సైనిక కుటుంబంలో ఎవరూ ఆవిడకు నేర్పలేదు. అంతలో వీధిలో జీపు ఆగింది. కిటికీలన్నిట్లోనూ తలకాయలు మొలిచాయి. జీపులోంచి మామూలు చొక్కా, ప్యాంటు, పొట్టిగా కత్తిరించిన జుట్టుతో ఒక అమ్మాయి దిగింది. చెరోపక్కా తుపాకులతో ఇద్దరు దిగారు.

"పెరోలు మీద పంపారు," అన్నాడు ఇంటాయన వీధి అంతటికీ వినబడేలా. "ఇద్దరు ఎస్కార్టు. ఎవరూ కంగారు పడకండి, నేను చూసుకుంటాను." గబగబా మెట్లు దిగి ఆ ఇద్దరికీ ఎదురెళ్ళాడు. "ఎన్ని గంటలకి వెనక్కి తీసుకెళ్తారు?"

వాళ్ళు ఆయన్ను పట్టించుకోలేదు. నల్లటి ట్రంకుపెట్టెను గుమ్మం ముందు జాగ్రత్తగా దించారు. ఒక్కడుగు వెనక్కి వేసి, మడమలు టక్కుమనిపించి, నిటారుగా నిలబడి సెల్యూట్ చేశారు.

"మాకింక సెలవా, కెప్టెన్ మేడమ్?"

"వెళ్ళండి. రేపు తెల్లవారక ముందే నేను గేటు దగ్గరుంటాను," అంది ఆ అమ్మాయి.

ఇంటాయన ముప్ఫయ్యేళ్ళలో ఎంతోమందిని బళ్ళలోంచి దించడం చూశాడు. ఖైదీకి సెల్యూట్ కొట్టిన ఎస్కార్టును మాత్రం చూసి ఎరగడు. ఆయన కుడిచెయ్యి ఆయన్ను అడక్కుండానే నుదుటి దాకా వెళ్ళింది.

మెట్ల మీద నిలబడి చూస్తున్న అత్తగారికి కళ్ళు మసకబారాయి. ఇన్నాళ్ళూ ఎంత చెప్పినా తీరని గర్వం ఆ క్షణాన మాట లేకుండా గుండె నిండా వచ్చి కూర్చుంది. కూతురు వీధిలోని తలకాయలన్నిటినీ ఒకసారి చూసి, తల్లి వైపు తిరిగింది.

"మళ్ళీ ఊరందరికీ చెప్పేశావా అమ్మా?"

"ఒట్టు తల్లీ," అన్నారు అత్తగారు, ఆమెను గట్టిగా పట్టుకుని. "ఈ వారం రోజుల్లో ఒక్క ముక్క చెప్తే ఒట్టు."

సాయంత్రం ఇంటాయన మళ్ళీ పైకి వచ్చాడు. అద్దె మాటే అయ్యుంటుందని అల్లుడు మిషను మూత వెయ్యబోయాడు.

"ముయ్యకు బాబూ," అన్నాడు ఇంటాయన. "ఆడపిల్ల పేరు వీధి వీధంతా పాడుచేశాను. తప్పు చేసినవాడికి శిక్ష పడాలి. అమ్మాయికి బదిలీ అయ్యేదాకా సగం అద్దే. అదే నా శిక్ష. నడవడిక బాగుందని తగ్గించొద్దు."

"అంత మాటెందుకు అన్నయ్యగారూ," అన్నారు అత్తగారు.

"అయితే ఒక షరతు. ఇన్నాళ్ళూ వాదించీ వాదించీ నా మాటకి విలువ లేకుండా పోయింది. పొద్దున మీరు నాతో అన్నారే, అదంతా ఇంటింటికీ వెళ్ళి మీరే చెప్పాలి. ఒక్కళ్ళని కూడా వదలకూడదు."

అల్లుడు ఏదో హెచ్చరించబోయాడు గాని, అత్తగారు అప్పటికే ఫోటో పట్టుకుని మెట్లు దిగుతున్నారు. ఆ షరతును ఆవిడ ఈనాటికీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. వినలేక వీధిలో ఇప్పటికి రెండు వాటాలు ఖాళీ అయ్యాయి.